పోలి నంబరు

సర్ అని కొట్టినప్పుడల్లా
నా మిషన్లో ఎస్ అక్షరం గీత మీద నిలవదు,
వెంట్రుకవాసి పైకి లేస్తుంది.
మార్కాపురం తాలూకాఫీసు పంచన
పద్నాలుగేళ్లుగా ఎందరో వంగి రాయించుకున్నారు,
అదొక్కటే వంగలేదు.
రిబ్బన్లు మార్చే కుర్రాడు బాగుచేస్తానన్నాడు.
వద్దులే అన్నాను.

కొమ్ము జక్రయ్య వచ్చిన రోజు
పలకల లారీలు లేపిన దుమ్ము
ఆయన కనుబొమ్మల మీద కూడా ఉంది.
చంకలో సంచి, సంచిలో గుడ్డ, గుడ్డలో
చెదలు వదిలేసినంత మేర డిశ్చార్జి పుస్తకం:
అట్ట, ముద్రలో సగం సింహం,
ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు,
నడత చాలా మంచిది.
పేరున్న చోట బొక్క. నంబరున్న చోట బొక్క.
నడతని మాత్రం ముట్టలేదు చెద.

"రెండు ముక్కలు రాయమ్మా.
ఒకటి, బర్మాకి పోయొచ్చినోణ్ణి, నన్ను లెక్కలో ఏసుకోమని.
రెండు, మా మనవడు ప్రభుదాసుని పటాలంలోకి తీసుకోమని.
గుంటూర్లో ఛాతీ అరంగుళం తగ్గిందన్నారంట.
గాలి పీలిస్తే సరిపోద్ది.
వాడు సరిగ్గా పీల్చలా."

కొట్టాను: అయ్యా, తమ దయ కోరి...
"ఏం రాశా?" చదివి చెప్పాను.
"దయ తీసెయ్. జీతానికి పోయా, పని చేశా.
చేశానని రాయి."
కాగితం లాగేసి కొత్తది ఎక్కించాను.
మొదటిదానికి డబ్బులు తీసుకోలేదు.

నంబరెంత తాతా?
ఆయన వేళ్ల వంక చూసుకున్నాడు.
రోడ్డు మీద రెండు బస్సులు పోయాయి,
ఒకటి కంభానికి, ఒకటి దోర్నాలకి.
"నాది గుర్తు లేదమ్మా. పోలిది చెప్తా."

పోలి కంచరగాడిద.
ఎడమ ముందుకాలి గిట్ట మీద కాల్చిన అంకెలు,
ఏడు, నాలుగు, సున్న, ఆరు.
పొద్దున్నే గిట్ట ఎత్తి బురద గీకేటప్పుడు
ఆ నాలుగంకెలే ఆయన చదువు.
"తన్నిద్ది. అందుకని పోలేరమ్మ పేరు పెట్టుకున్నా.
చెంపలేసుకున్నాలే, తర్వాత."
వాన. జలగలు. గుండ్ల పెట్టెలు అటు రెండు, ఇటు రెండు.
కొండంచున అది ఆగితే ఆయనా ఆగేవాడు,
ముందు దారి లేదని దానికే ముందు తెలిసేది.
శత్రువుకి వినపడకూడదని
గొంతులో ఏదో కోసేశారట.
"నోరు తెరిచేది. శబ్దం ఉండేది కాదు.
నాకు తెలిసేది."

అంతా ఇంగ్లీషులోకి మార్చి కొట్టాను.
పోలి దగ్గర ఆగాను,
పేరుకి వేరే మాటేముంది, అట్టాగే ఉంచాను.

ఏడు నెలలకి గోధుమరంగు కవరొచ్చింది.
పేర్కొన్న వ్యక్తి వివరములు ఈ కార్యాలయమున లభ్యము కాలేదు.
మనుమని విషయమై భర్తీ కార్యాలయమును సంప్రదించవలెను.
కింద, వేరే సిరాతో,
ఏ గుమాస్తాకి ఏం తోచిందో గాని:
7406 జంతువు పాత రిజిస్టరులో కలదు.
ఆడది. నలుపు. నది దాటుచుండగా లెక్కనుండి కొట్టివేయబడినది.
తోలువాని గడిలో పేరు లేదు, వేలిముద్ర కలదు.
సరిపోల్చుటకు ముద్ర పంపగలరు.

స్టాంపుప్యాడు తెరిచాను.
ఎడమ బొటనవేలు పట్టుకుని అద్దాను,
పక్కకి ఒత్తి మళ్లీ అద్దాను, ఇంకోసారి.
ముప్పయ్యేళ్లు పలకలు నున్నగా రుద్దిన వేలు.
కాగితం మీద
ఒక్క గీతైనా లేని నల్లటి మచ్చ.

జక్రయ్య దాన్ని చూడనే లేదు.
ఉత్తరం నా చేతికిచ్చి, మళ్లీ చదవమన్నాడు, ఆడది కాడ్నించి.
"నలుపా? ఎవుడు రాశాడది?
ఎర్రదమ్మా అది. వాన్లో తడిసి నల్లగా కనపడేది.
నా సంగతి తర్వాత. ముందది దిద్దమని రాయి."

కాగితం ఎక్కించాను.
సర్,